సంపాదకుని మాట: బాయిపని, కోడుపని

1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ నీడలో, షిఫ్టు సైరన్లకు మేల్కొనుచు పెరిగిన గోదావరిఖని బిడ్డలకు, తండ్రి బాయిపని (బొగ్గుగని కొలువు) వారసత్వముగా లభించుటయే జీవనభద్రతయని పెద్దలు చిరకాలము నమ్మిరి. ఆ నమ్మకమును మేము గౌరవింతుము. అయినను కంపెనీ క్వార్టరు ముందుగదిలో, రెండవ షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి నిద్రకు భంగము కలుగకుండ హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టు సాధన చేయు యువతీయువకులకు కొలువు దొరకుటకు సర్టిఫికెట్లు మాత్రమే చాలవు. స్వయముగా నిర్మించిన పనిముట్టొకటి వలయును. వెన్న నాగార్జున గారి ‘పద్మ’ అను లిపిమార్పిడి ఉపకరణము ఆధారముగా వీవెన్ గారు రూపొందించిన ‘లేఖిని’ అట్టిదే: ఎ, ఎమ్, ఎమ్, ఎ అను మీటలు వరుసగా నొక్కినంతనే తెరపై ‘అమ్మ’ యని తెలుగక్షరములు వెలయును. ఎంత ఉపకారము! అంతటిది కాకున్నను, కాలనీకి నీళ్లు వచ్చు వేళలు తెలుపు చిన్న వెబ్‌పేజీనైనను మనవారు కట్టవచ్చును. కట్టినవారు మాకు వ్రాయుడు; వచ్చు సంచికలో సగౌరవముగా ప్రకటింతుము.