డయాలిసిస్ పిల్లలకు కావాల్సింది మన మూడో నినాదమే



మెల్‌బోర్న్‌లో నాతో పనిచేసే ఒక ఆస్ట్రేలియా మిత్రుడి కూతురికీ, జగిత్యాల జిల్లాలో ఉండే మా పెద్దనాన్న కొడుకు బిడ్డకూ ఒకటే జబ్బు. ఇద్దరి కిడ్నీలూ పనిచేయవు. ఇద్దరికీ ఇంట్లోనే పెరిటోనియల్ డయాలిసిస్ చేసేవారు. కడుపులో అమర్చిన గొట్టం గుండా ద్రవం ఎక్కిస్తారు. రక్తంలోని మలినాలు అందులోకి దిగాక బయటికి తీస్తారు. రక్తనాళాలు సన్నగా ఉండే చిన్నపిల్లలకు ఇది అనుకూలం, రాత్రిపూట చేస్తే బడి కూడా పోదు.

దీనికున్న పెద్ద గండం ఇన్ఫెక్షన్. చేతులు సరిగ్గా కడుక్కోకుండా గొట్టం ముట్టుకున్నా క్రిములు కడుపులోకి పోవచ్చు. అప్పుడు తేటగా రావాల్సిన ద్రవం మబ్బుగా వస్తుంది. వెంటనే యాంటీబయాటిక్ పడితే చాలామంది పిల్లలు రెండు మూడు వారాల్లో కోలుకుంటారు. ఆలస్యమైతే గొట్టమే తీసేయాల్సి రావచ్చు.

పోయిన ఏడాది ఇద్దరికీ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇక్కడ మిత్రుడి భార్య రాత్రిపూట డయాలిసిస్ నర్సుకు ఫోన్ చేసింది. ద్రవం సంచి పట్టుకొని వెంటనే రమ్మన్నది నర్సు. తెల్లారకముందే మందు పడింది. ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి బిల్లు లేదు. 1984 నుంచి ఇక్కడ మెడికేర్ ఉంది, మేం కట్టే పన్నులతో నడుస్తుంది.

అక్కడ మా వదిన నాకు ఫోన్ చేసింది. "నీళ్లు మబ్బుగ వస్తున్నయి తమ్మీ, ఏం జెయ్యాలె?" నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, నాకేం తెలుసు? డాక్టరుకు చూపించమన్నాను. ఊళ్లో ఆర్‌ఎంపీ జ్వరం గోళీలు ఇచ్చాడు. మూడో రోజు హైదరాబాద్ చేరేసరికి బిడ్డ నొప్పితో ముడుచుకుపోయింది. మూడు వారాలు ఆసుపత్రిలోనే. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. కానీ దారిఖర్చులు, అద్దె గది, మొగుడూపెళ్లాల కూలి ఏ కార్డు ఇస్తుంది? పాలిచ్చే బర్రెను అమ్మారు. బిడ్డ బతికింది, గొట్టం పోయింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్త డయాలిసిస్. బడి మానేసింది.

రాష్ట్రం ఏమీ చేయలేదని నేననను. జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. ఇన్ఫెక్షన్ల భయంతోనే ఒక్కసారి వాడి పారేసే ఫిల్టర్లు తెచ్చారు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. అన్నీ మంచివే. కానీ పరిమితి ఎంత పెంచినా అది ఆసుపత్రిలో చేరాక అక్కరకొచ్చే డబ్బు. మా అన్న ఇంటిని ముంచింది చేరకముందు పోయిన రెండు రోజులు.

ఆస్ట్రేలియాతో మనకు పోలికేంటని కొందరు మిత్రులు అంటారు. వాళ్ల సంపద వేరు, నిజమే. కానీ ఆ రాత్రి పనిచేసింది ఖరీదైన యంత్రం కాదు. ఒక ఫోన్ నంబరు, ఆ ఫోన్ ఎత్తిన నర్సు. ఫోన్ మా వదిన చేతిలోనూ ఉంది. అవతల ఎత్తేవాళ్లే లేరు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం మనం. ఈ పిల్లలకు కావాల్సింది ఆ మూడో మాట. పిల్లలకు డయాలిసిస్ చేసే ప్రతి ప్రభుత్వ కేంద్రంలో, రాత్రీపగలూ ఫోన్ ఎత్తే శిక్షణ పొందిన నర్సులు ఉండాలి. ఇంటికి పంపేముందు తల్లికి చేతులు కడుక్కోవడం నుంచి మబ్బు నీళ్లు గుర్తుపట్టడం దాకా నేర్పాలి. మొదటి మోతాదు మందు జిల్లా ఆసుపత్రిలోనే పడాలి. నాలుగు నర్సు ఉద్యోగాల జీతం ఎక్కువా, పిల్లలను వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచే ఖర్చు ఎక్కువా, లెక్క వేయమని సర్కారునే అడుగుదాం.

బర్రె అమ్మాక నేనూ డబ్బు పంపాను. వాట్సాప్‌లో చందాలు పోగేసి మనమంతా చేసేది అదే. అది ఆపొద్దు. కానీ ఈ నెల మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం కూడా రాయండి. మేం కొట్లాడిన నియామకాల్లో ఆ నర్సు కూడా ఉందని చెప్పండి.

జై తెలంగాణ!