కొండ రైలు మనకెందుకంటారా?

మన హాస్టల్లో విహారయాత్ర అంటే ఒక డ్యాం, ఒక గుడి, వీలైతే ఒక జూ. నేనున్న ఐదేళ్లూ అంతే. ఒకసారి ఎవరో ఊటీ రైలు మాటెత్తితే "అది డబ్బున్నోళ్ల సరదారా" అని సీనియర్లే నవ్వారు. ఉద్యోగం వచ్చాక, మొన్న జనవరిలో మెట్టుపాళయంలో ఆ రైలెక్కాను. వాళ్ల మాట తప్పని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఊటీకి 46 కిలోమీటర్లు, ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు. మన పల్లెవెలుగు నయం! కల్లార్ దాటాక 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతుంది. అక్కడ మామూలు చక్రాలు జారిపోతాయి కాబట్టి పట్టాల నడుమ పళ్ల పట్టీ వేశారు. ఇంజన్ కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. గేర్ల పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఇంకో సంగతి తమ్ముళ్లూ, ఆవిరి ఇంజన్ ముందుండదు. వెనక నుంచి తోస్తుంది. డ్రైవరుకు దారి కనబడదు. మొదటి పెట్టె ముందు నిలబడ్డ బ్రేక్‌మన్ జెండాయే అతనికి కళ్లు. పెట్టెకొక బ్రేక్‌మన్ ఉంటాడు, ఇంజన్ కూత విని చేత్తో బ్రేకు తిప్పుతాడు. అందరూ జలపాతాల ఫొటోలు తీస్తుంటే నేను అతన్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ పడమటి కనుమలు హిమాలయాల కన్నా పాతవి. చెట్ల కొమ్మలు కిటికీకి తగిలేంత దగ్గర, తడి ఆకుల వాసన, పైన పొగ. కూనూరులో డీజిల్ ఇంజన్ తగిలిస్తారు. ఆ పైన ఎక్కువగా తేయాకు, యూకలిప్టస్. అందంగానే ఉంటాయి గానీ, వాటికోసం ఎంత షోలా అడవి, ఎంత గడ్డిమైదానం పోయిందో కూడా పిల్లలకు చెప్పాలి.

1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా లైను వేశారు. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇంజనీర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. 16 సొరంగాలు తొలిచిన కూలీల పేర్లు నాకెక్కడా దొరకలేదు. మా నాన్న కాలువ పనుల్లో గునపం పట్టినవాడు. సొరంగం చీకట్లో ఆయనే గుర్తొచ్చాడు. మన పిల్లల్లో ఎంతమందికి అలా గుర్తొస్తారో!

కాబట్టి పూర్వ విద్యార్థులం తలాకొంత వేసుకుని ఈసారి తొమ్మిదో తరగతి వాళ్లను పంపుదాం. సెకండ్ క్లాసు చాలు. నా వంతు వార్డెన్ గారికి ఇచ్చేశాను. టికెట్లు బాగా ముందే తీయాలి. అక్టోబరు, నవంబరు వద్దు, వానలకు కొండచరియలు పడి రైలు ఆగిపోతుంటుంది.