పస్తున్నోడి మీద కేసు, పత్రం దిద్దినోడికి మర్యాద!

ఎవరన్నా అన్నం మానేసి కూర్చుంటే చాలు, పాలకుల నోటి నుంచి వచ్చే మొదటి మాట 'బ్లాక్‌మెయిల్'. ఆ మాట అనేటోళ్లు కల్హణుడు 12వ శతాబ్దంలో రాజతరంగిణిలో చెప్పిన ఈ కథ వినాలె.

10వ శతాబ్దపు కాశ్మీరు. యశస్కరుడు రాజు. చితికిపోయిన ఒక ఆసామి ఇల్లు ఒక వర్తకుడికి అమ్మి దేశాంతరం పోయిండు. మెట్లబావి మాత్రం అమ్మలేదు. దాని కిరాయితో భార్య బతకాలని. 20 ఏండ్లకు తిరిగొస్తే ఆమె పరాయి ఇంట్ల చాకిరీ చేస్తున్నది. బావి వర్తకుడు మింగిండు. న్యాయస్థానం ఎన్నిసార్లు ఎక్కినా పత్రం చూపి వర్తకుడే గెలిచిండు. దిక్కు తోచక ఆ మనిషి ప్రాయోపవేశానికి, అంటే చచ్చేదాకా పస్తుకు కూర్చున్నడు.

రాజు అతన్ని ఈడ్చుకపోలేదు. పస్తుల సంగతి చూసి రాజుకు చేరవేసేందుకే ఆ రాజ్యంల అధికారులుండిరి. రాజే విచారణ చేసిండు. మాటల్లో పెట్టి వర్తకుడి ఉంగరం తీసుకుని, దాన్ని ఆనవాలుగా ఇంటికి పంపి పాత లెక్కల పుస్తకం తెప్పించిండు. పత్రం రాసిన గుమాస్తాకు 1000 దీనారాలు! ఎందుకు? 'బావి రహితం' అన్నచోట 'ర' తీసి 'స' పెట్టినందుకు. రహితం సహితమైంది. ఒక్క అక్షరం ఒక ఆడమనిషి బువ్వ గుంజుకున్నది. రాజు వర్తకుణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టి, ఆ ఇల్లు పస్తున్నోడికే ఇచ్చిండు.

అన్ని పస్తులూ న్యాయమైనవేనా? కావు. స్వలాభానికి పస్తులున్న పురోహితులను కల్హణుడే ఎద్దేవా చేసిండు. అందుకే విచారణ కావాలె. విచారించకుండా బెదిరింపు అని ముద్రేసుడు దొంగ పత్రానికి కాపలా కాసుడే.

మరి మన రాజ్యం చేసిందేంది? మణిపూర్‌ల సైన్యానికి ప్రత్యేకాధికారాలిచ్చే చట్టం ఎత్తేయాలని ఇరోం షర్మిల 2000 నుంచి 2016 దాకా పస్తుంటే ముక్కుల గొట్టం పెట్టింది, ఆత్మహత్యాయత్నం కేసు పెట్టింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ పాత 309ని వదిలేసింది. సంతోషపడేలోపే 226 తెచ్చింది. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేసేందుకు ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది దాకా జైలు. నిరాహారదీక్షను ఆత్మహత్యాయత్నమని ఒక పోలీసు రాసుకుంటే చాలు!

వెయ్యేండ్ల కిందటి రాజు పస్తున్నోడి గోస విని పత్రం తిరగేసిండు. ఓట్లతో గెలిచినోళ్లు ఎఫ్‌ఐఆర్ రాస్తున్నరు. 226ను దీక్షల మీద వాడబోమని సర్కారు రాతపూర్వకంగా చెప్పాలె. ఆ రాతల ఏ అక్షరం మారకుండా మనం కాపలా ఉండాలె.