మూడు మీటలు, ఎనిమిది దీపాలు

ఎలక్ట్రానిక్సును అభిరుచిగా పట్టుకున్నవారు తమ తొలి సర్క్యూటు బోర్డును దేనికోసం గీసుకోవాలి? జగిత్యాలలో రేడియోలు బాగుచేసే మిత్రునికీ నాకూ ఈ విషయంలో వాదం నడిచింది. "అందరు జేసేదే మీరు గూడ జెయ్యుండ్రి సారూ, ఒక లైటు మినుకుమనాలె, గంతే" అని ఆయన మాట.

నా అభిప్రాయం వేరు. తొలి పలక మనకు ముందే కరతలామలకమైన విషయాన్ని మోయాలి. (బోర్డును నేను పలక అనే అంటాను. బడిపంతులుకు అంతకన్న దగ్గరి మాట లేదు.) అప్పుడు కొత్తగా నేర్వవలసింది పలక గీయడమొక్కటే. నాకు తెలిసిన విద్య ఛందస్సు. కనుక నా పలక గణాలను చెప్పాలనుకున్నాను.

మూడు మీటలు, మూడు అక్షరాలు. మీటను ఒకవైపు జరిపితే గురువు, మరోవైపు జరిపితే లఘువు. ఎనిమిది దీపాలలో ఆ గణానికి చెందినది వెలుగుతుంది. దీనికి ప్రోగ్రాము రాయనక్కరలేదు. 74 హెచ్‌సీ 138 అనే పదహారు కాళ్ళ చిప్పు మూడు కాళ్ళపై విద్యుత్తు ఉన్నదీ లేనిదీ చూసి, ఎనిమిది ద్వారాలలో ఒకదానిని ఎంచుకుంటుంది. ఏ క్షణాన చూసినా వెలిగేది ఒక్క దీపమే కనుక అన్నింటికీ కలిపి ఒక్క రెసిస్టరు చాలు. మూడు పెన్సిలు సెల్లులతో పని జరిగిపోతుంది.

అసలు రుచి ఇక్కడినుంచే. లఘువుకు విద్యుత్తును, గురువుకు నేలను కేటాయించి, మొదటి అక్షరాన్ని ఒకటో కాలికి, రెండవదాన్ని రెండో కాలికి, మూడవదాన్ని మూడో కాలికి కలపండి. చిప్పు కుడివైపున 15వ కాలినుంచి 9వ కాలిదాకా వరుసగా వచ్చేవి మ, య, ర, స, త, జ, భ. ఏడో కాలిది న. సర్వగురువుతో మొదలై సర్వలఘువుతో ముగిసే ప్రస్తారక్రమమిది! పింగళుని సంప్రదాయంలో మనం వల్లెవేసిన వరుసలోనే దీపాలు నిలబడతాయి. అక్షరాలను వెనుకనుంచి ముందుకు కలిపితే మ, త, ర, భ, య, జ, స, న అని వస్తుంది. పరికరం అప్పుడూ పనిచేస్తుంది కాని, దీపాలను మన వరుసలో నిలపాలంటే తీగలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి.

న-గణం ఒక్కటే ఎడమవైపున మిగిలిపోతుంది. దాని దారిని చిప్పు పొట్టకింద దూర్చి, 8, 9 కాళ్ళ నడుమ బయటకు తీసి, భ-గణం పక్కకు చేర్చాను. దారులు వేసే పనిని యంత్రానికి అప్పగించే సౌకర్యాలున్నాయి. తొలి పలకకు మాత్రం వాటి జోలికి పోవద్దంటాను. ఈ న-గణం దారి వెతికిన సాయంత్రమే నాకు పలక అర్థమైంది. మా కరీంనగరం వెండి నగిషీలో సన్నని తీగను తెచ్చి అతుకుతారు. ఇక్కడ నిండు రాగిరేకులో అక్కరలేనిదాన్ని కరిగించి దారిని మిగుల్చుతారు. చూపుకు రెండూ అక్కాచెల్లెళ్ళే.

ఒక జాగ్రత్త: గీసినదాన్ని పంపేముందు కాగితంపై అసలు కొలతలో ముద్రించి, చిప్పును దానిమీద పెట్టి చూడండి. కాళ్ళ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. కాగితం అబద్ధమాడదు.

ఇక దీపాల పక్క అక్షరాలు. "ఇంగిలీషుల పెడితే అయిపోతది గద" అన్నాడు మిత్రుడు. నేను ఒప్పుకోలేదు. రెసిస్టరుకు, కెపాసిటరుకు లోకమంతా వాడే గుర్తులు అలాగే ఉండనిచ్చాను. రేపు బాగుచేసేవాడికి అవి కావాలి. గణాల పేర్లు మాత్రం తెలుగులోనే ఉండాలి. తెర మీద మన అక్షరాలు డబ్బాలై కనబడిన రోజులను మీరందరూ దాటివచ్చారు. పలక మీద ఆ తంటా ఇంకా చాలాకాలం నడిచింది. 1992లో మొదలైన కీక్యాడ్ అనే ఉచిత సాధనంలో 2023 నాటి ఏడవ విడుదలతో గాని మనకు నచ్చిన ఖతిని నేరుగా వాడే వీలు రాలేదు. అంతకుముందు అక్షరాన్ని బొమ్మగా మార్చి అతికించవలసిందే. అచ్చు సన్నమైతే భ కింది ఒత్తు చెరిగి బ అవుతుంది, మ-య లు ఒకటిగా కనబడతాయి. అందుకని మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉంచాను. ఇది అలంకారమని నేననుకోను. దీపం పక్కన పేరు చదవలేని పిల్లవాడికి ఆ వెలుగు దేనిదో ఎలా తెలుస్తుంది?

పలక వచ్చింది, టంకం పెట్టాం, ఉత్పలమాలను భ-ర-న-భ-భ-ర-వ లలో వ దాకా తడబడక చెప్పింది. ఆ వ-గణానికి రెండే అక్షరాలు కనుక అక్కడ ఆగింది. అంతకన్న పెద్ద చిక్కు మరొకటుంది. నరసింహ శతకకర్త శేషప్ప కవిది మా ధర్మపురే, ఆయన రాసింది సీసం. సీసంలోని ఇంద్రగణాలలో నగ, నల, సల లకు నాలుగేసి అక్షరాలు; సూర్యగణాలలో హ-గణానికి రెండే. శేషప్ప ఊరిలో పుట్టిన పలకకు శేషప్ప పద్యం కొరుకుడు పడదు! నాలుగు మీటలకు, పదహారు దీపాలకు 74 హెచ్‌సీ 154 ఉంది. కాని "ఇక్కడ అక్షరమే లేదు" అని చిప్పుకు చెప్పడమెలాగో ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా ఉపాయం తోస్తే చెప్పండి, రెండో పలక అక్కడినుంచే మొదలుపెడతాను.