ఎత్తడం సరే, దించడం సంగతేంటి?

హుస్సేన్ సాగర్ గట్టు మీద నిలబడితే ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి బుల్లి తెరచాప పడవలు కనిపిస్తాయి. వాటి మాస్ట్‌ని, అంటే తెరచాప కొయ్యని, ఒక్కరే నిలువుగా ఎత్తి దాని గుంతలో దించేయొచ్చు. పడవ కాస్త పెద్దదైతే కథ వేరు. కొయ్య అడుగున కీలు ఉంటుంది. పడుకోబెట్టిన కొయ్యని ఆ కీలు మీద తిప్పి నిలబెట్టాలి. ముందొకటి, పక్కల రెండు ఉక్కు తీగలు దాన్ని పట్టుకుని ఉంటాయి.

నిరుడు సెలవుల్లో ఒక క్యాంపులో ఈ పని చేశాం. పొద్దున్న నలుగురం కలిసి "హైసా" అంటూ ఎత్తేశాం. ఫొటోలు కూడా దిగాం. సాయంత్రం దించాలి. అందరికీ అలసట, ఆకలి. ఒకడు ముందు తీగ పిన్ను లాగేశాడు. దానికి బదులు ఇంకో తాడు కట్టలేదని నేను చూశాను. కానీ నోరు విప్పలేదు. "వీడికి అన్నిటికీ భయమే" అంటారని. రెండు సెకన్లు కొయ్య తేలిగ్గానే ఉంది. తర్వాత మా చేతుల్లో ఆగలేదు. వెనక కూర్చున్న జూనియర్ తమ్ముడు బ్యాగ్ కోసం అప్పుడే లేచాడు. అతను కూర్చున్న చోటే కొయ్య పడింది.

మనం ఫస్టియర్‌లో చదివిన మెకానిక్సే ఇది. కొయ్య బరువు 12 కిలోలు, పొడవు 7 మీటర్లు అనుకోండి. బరువంతా మధ్యలో, కీలుకి 3.5 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. పడుకుని ఉన్నప్పుడు టార్క్ సుమారు 412 న్యూటన్ మీటర్లు. కీలుకి 1.5 మీటర్ల దగ్గర పట్టుకుని ఎత్తేవాడి చేతికి 12 కాదు, 28 కిలోలు తగులుతుంది. లేచేకొద్దీ ఈ భారం తగ్గుతుంది. దించేటప్పుడు సరిగ్గా తలకిందులు: మొదట తేలిక, చివర్లో బరువు. మనం అలసిపోయి, ధీమాగా ఉన్నప్పుడే అసలు బరువు మీద పడుతుంది. అందుకే నా అభిప్రాయం: ఎలా దించాలో తేల్చుకోకుండా కొయ్యని ఎత్తకూడదు.

"నలుగురం ఉన్నాం కదా" అంటే సరిపోదు. కొయ్య పడుకుని ఉండగా ముందు తీగని ఎంత లాగినా లాభం తక్కువ, ఎందుకంటే ఆ లాగుడు దాదాపు కొయ్య వెంటే పోతుంది. కొయ్య అడుగు దగ్గర ఇంకో చిన్న కర్రని దానికి అడ్డంగా, పైకి నిలబెట్టి, దాని కొస మీదుగా తాడు వేస్తే లాగుడుకి కోణం వస్తుంది. ఆ తాడుని నాలుగు వరసల కప్పీతో లాగితే 28 కిలోల పని, రాపిడి వదిలేస్తే, 7 కిలోలకి దిగుతుంది. తాడుని బిగించి మధ్యలో ఆగొచ్చు కూడా. ఆగగలగడమే అసలైన భద్రత.

మిగతావి చిన్న విషయాలే. ముందు తలెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడాలి. అల్యూమినియం కొయ్యకి కరెంటు పాకుతుంది. గాలి ఎక్కువుంటే ఆగాలి. సగం లేచినప్పుడు పక్క తీగలు వదులుగా ఉండొచ్చు కాబట్టి కొయ్య పక్కకి ఒరగకుండా ఒకరు చూసుకోవాలి. అది పడే దారిలో ఎవరూ ఉండకూడదు. ఆర్డర్ ఒక్కరే ఇవ్వాలి, కానీ "ఆగండి" అనే హక్కు అందరికీ ఉండాలి.

మనలో చాలామంది పడవ ఎక్కకపోవచ్చు. కానీ ఫెస్ట్ వస్తే ఫ్లెక్సీ ఫ్రేములు, లైట్ల స్తంభాలు ఎత్తేది మనమే. ఇనుప జెండా కర్రలు, ఫ్రేములు కరెంటు తీగలకి తగిలి ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అక్కడా ఎత్తడానికి పదిమంది వస్తారు, తెల్లారి దించడానికి ఇద్దరే మిగులుతారు.

ఈసారి నేను ఆ ఇద్దరిలో ఉంటాను. తాడు కట్టకపోతే "ఆగండ్రా" అని అరుస్తాను. పిరికివాడని అనుకుంటే అనుకోండి.