తలుపు మనది, తాళంచెవి ఎవరిది?

చలికాలం వస్తే సిర్పూర్-యు, తిర్యాణి, కెరమెరి వైపు ఎన్ని డిగ్రీల చలి నమోదైందో తెల్లవారేసరికి ఊరూరా తెలిసిపోతోంది. ఎవరో అర్ధరాత్రి లేచి థర్మామీటరు చూసి చెప్పిన లెక్క కాదది. మండలాల్లో నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రాలు తమంతట తామే కొలిచి హైదరాబాద్‌కు పంపుతున్న లెక్క. రేషన్ దుకాణంలో మనం వేలిముద్ర పెట్టే మిషను కూడా ఇంటర్నెట్‌కు కట్టిన పనిముట్టే. పొలంలోని మోటారును ఇంటి నుంచే ఆడించే స్టార్టరు, గోడమీది స్మార్ట్ టీవీ, చేతి గడియారం, పిలిస్తే పలికే స్పీకరు, గేటు మీది కెమెరా అన్నీ ఆ కోవలోనివే. ఆసిఫాబాద్ వంటి పట్టణంలో ఇవి ధనికుల వేడుకలుగా మిగల్లేదు. సామాన్యుల ఇళ్ళలోకీ వచ్చేశాయి. వచ్చినవాటిని తిట్టి ప్రయోజనం లేదు. వాటిని ఎరిగి వాడుకోవడమే వివేకమని మా అభిప్రాయం.

ఎరగడం పెద్ద కష్టమేమీ కాదు. ఇలాంటి ప్రతి వస్తువులోనూ మూడు భాగాలుంటాయి. చూసే కన్నో, వినే చెవో, కొలిచే సాధనమో ఒకటి. లోపల చిన్న కంప్యూటరు ఒకటి. బయటి ప్రపంచంతో కలిపే వైఫై లేదా సిం కార్డు మరొకటి. ఫోనులో మన ఇంటి వాకిలి కనిపించినప్పుడు ఆ దృశ్యం గోడ మీది నుంచి సూటిగా మన చేతికి వచ్చిందనుకుంటాం. చాలా కెమెరాల విషయంలో ఆ దృశ్యం కంపెనీవారి కంప్యూటర్ల మీదుగా తిరిగి మన దగ్గరికి వస్తుంది. మధ్యలో మనకు మిగిలిన తాళంచెవి ఒక్కటే, పాస్‌వర్డ్. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియని ఇంటికి ఎంత గట్టి తలుపు పెట్టినా ఏం లాభం?

2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద పెద్ద సంస్థల సేవలు గంటల తరబడి స్తంభించాయి. ఆ దాడికి ఆయుధాలైనవి సామాన్యుల ఇళ్ళలోని కెమెరాలు, రౌటర్లు, రికార్డింగ్ పెట్టెలు. ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాం ఫ్యాక్టరీలో పెట్టిన సుమారు 60 రకాల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే ప్రయత్నించి, తెరుచుకున్న ప్రతి వస్తువునూ తన బానిసగా మార్చుకుంది. యజమానులు చేసిన నేరం ఏదీ లేదు. పెట్టెతోపాటు వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చలేదు, అంతే.

మన దేశంలో జరిగింది ఇంతకన్నా బాధాకరం. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్త్రీలను పరీక్షిస్తున్న దృశ్యాలు యూట్యూబ్‌కూ టెలిగ్రామ్‌కూ ఎక్కాయి. కాపలా కోసం ఆసుపత్రి పెట్టుకున్న సి.సి. కెమెరాల నుంచే దొంగిలించి వాటిని అమ్ముకున్నారు. నిందితులను పోలీసులు అరెస్టు చేశారు. కాని ఒకసారి బజారున పడిన ఆబ్రూను ఏ పోలీసు తెచ్చి ఇవ్వగలడు? సొమ్ము పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. పరువు సంగతి అలా కాదు.

ఇక మనకు దగ్గరలోని జిల్లా సంగతి. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిం కార్డులు అమ్మే ఒక వ్యాపారి 2018 జూన్‌లో పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసుకుని, నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో వేలాది సిం కార్డులు తెరిచాడని పోలీసులు వెల్లడించారు. భూమి అమ్మినప్పుడో కొన్నప్పుడో వేసిన నిశానీ ఇలా ఉపయోగపడుతుందని ఏ రైతు ఊహించగలడు? పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం కదా!

గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు కళ్ళు కూడా వచ్చాయి. ఈ కళ్ళను ఎక్కడ పెట్టాలన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా. పరుల ఇంట్లో అడుగుపెట్టే ముందు సలాం చేసి అనుమతి పొందాలని దివ్య ఖుర్ఆన్‌లోని ‘నూర్’ సూరా ఆదేశిస్తోంది. అంతటితో ఆగలేదు. తెల్లవారు నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తర్వాత - ఈ మూడు వేళల్లో సొంత ఇంటి పిల్లలు సైతం అడిగి లోపలికి రావాలని అదే సూరా నేర్పుతోంది. ఇక పరుల గుట్టు వెదకడాన్ని ‘హుజురాత్’ సూరా నిషేధించింది. కన్నబిడ్డే అడిగి రావలసిన గదిలో, ఏ వేళలోనూ ఎవరినీ అడగని కెమెరాకు చోటెలా ఇస్తాం?

మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకులు ముసలి తల్లిదండ్రుల క్షేమం చూసుకోవాలని ఇంటి లోపల కెమెరాలు పెట్టిస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ కన్ను ముందు తిరిగేది అమ్మీ, అబ్బా మాత్రమేనా? కోడళ్ళు, ఆడపడుచులు, పలకరించడానికి వచ్చిన పొరుగింటి స్త్రీలూ తిరుగుతారు. వారిని ఒక్క మాటైనా అడిగారా? భార్య ఎప్పుడు బయటికి వెళ్ళింది, ఎవరు వచ్చారు అని లెక్క చూడడానికి దూరాన కూర్చుని ఫోను తెరిచేవారు కూడా లేకపోలేదు. దానిని కాపలా అనరు, అనుమానం అంటారు. రోజూ ఒక ఫోను చేసి నోరారా మాట్లాడితే ఆ తల్లికి దొరికే తృప్తి ఏ కెమెరా ఇవ్వగలదు?

కనుక ప్రతి కుటుంబం కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలని మా మనవి. కెమెరా గేటు మీదా, దుకాణంలోనూ ఉండాలి. పడకగదిలో, స్నానాల వైపు, ఆడవారు కూర్చునే చోట వద్దు. దాని చూపు పొరుగువారి కిటికీలోకి పోకూడదు. బిగించిన కుర్రవాడు వెళ్ళిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి. పేరు, పుట్టిన తేదీ, 12345 వంటివి పనికిరావు. వైఫై పాస్‌వర్డ్‌కూ ఇదే నియమం. కంపెనీ పంపే అప్‌డేట్‌లను వాయిదా వేయకూడదు, కొత్తగా బయటపడిన కంతలను పూడ్చేవి అవే. పాత కెమెరానో, టీవీనో అమ్మేముందు అందులోని సమాచారమంతా చెరిపివేయాలి. మాట వినే స్పీకరును పని లేనప్పుడు ఆపివేయాలి. మాట్లాడే బొమ్మల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2017లో జర్మనీ ప్రభుత్వం ‘కేలా’ అనే బొమ్మను రహస్యంగా మాటలు వినే సాధనమని ప్రకటించి నిషేధించింది.

వేలిముద్ర పెట్టేచోట ఎంత మొత్తానికి పెడుతున్నామో అడిగి, చీటీ తీసుకోవాలి. ఆధార్ సంస్థ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది. రేషన్‌కు వెళ్ళేముందు తెరిచి, తిరిగి వచ్చాక మూయవచ్చు. చదువు రాని పెద్దలకు ఇంట్లో చదివిన పిల్లలే ఈ పని చేసిపెట్టాలి.

చట్టం మన పక్షాన లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అనుమతి లేకుండా ఒకరి మరుగు అవయవాల చిత్రం తీయడానికి, పంచడానికి సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఇ సెక్షన్ 3 ఏళ్ళ వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. సి.సి. కెమెరాలను భద్రతా పరీక్షకు నిలిపే నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులోకి వచ్చాయి. కొనేటప్పుడు ఈ పరీక్ష నెగ్గిందా అని దుకాణదారును అడగాలి. మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. దృశ్యాలు బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే ఆ ఆడబిడ్డను నిందించకండి, ఆమె వెనుక నిలబడండి. దాచిన కొద్దీ దుర్మార్గుడి ధైర్యం పెరుగుతుంది.

పోలీసుశాఖ ‘నేను సైతం’ పథకం కింద వీధుల్లో, దుకాణాల్లో, ప్రార్థనా స్థలాల వద్ద కెమెరాలు పెట్టించుకోవాలని ప్రోత్సహించింది. దొంగతనాలను పట్టుకోవడంలో వాటి మేలు కాదనలేం. మసీదు కమిటీలు, మదరసాలు ఈ విషయంలో ఆదర్శంగా నిలవాలి. కెమెరా ఎటు చూస్తోంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, పాత దృశ్యాలను ఎన్ని రోజులకు చెరిపివేస్తున్నారు - ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషి ఒకడు ఉండాలి. పరుల దృశ్యం మన దగ్గర ఉందంటే అది అమానత్. అమానత్‌కు లెక్క చెప్పవలసిన రోజొకటి ఉందని నమ్మే సమాజం మనది. ఈ జుమా రోజున ఇంటికి వెళ్ళాక ఒక్కసారి గోడల వైపు చూడండి. ఎన్ని కళ్ళున్నాయో లెక్కపెట్టండి. వాటి తాళంచెవులను ఇంటివారి చేతికి తెచ్చుకోండి.