బోర్డు పెట్టగానే అలారం ఆపెయ్యాలా?

ఇంటి ముందు 'ఫర్ సేల్' బోర్డు పాతగానే మనవాళ్ళు చాలామంది చేసే మొదటి పని అలారం ఆపెయ్యడం. "రోజుకి నలుగురు వస్తారు, ప్రతిసారీ ఆ కోడ్ గోల ఎవరు పడతారు? అది కాస్తా మోగితే కొనేవాళ్ళు హడలిపోరూ!" అంటారు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. నాకు మాత్రం ఇది తలకిందుల లెక్కలా అనిపిస్తుంది. మనం తప్ప ఎవరూ అడుగుపెట్టని రోజుల్లో నెలనెలా డబ్బు కట్టి అలారం పెట్టుకుంటాం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పడగ్గది దాకా వచ్చి, ఏ కిటికీ ఎక్కడుందో చూసి వెళ్ళే రోజుల్లో దాన్ని తీసేస్తామా?

మన ఊళ్ళో ఇల్లు చూపించాలంటే మనమే దగ్గరుండి, మంచినీళ్ళిచ్చి చూపిస్తాం. ఇక్కడ ఇల్లు చూడడానికి ఎవరైనా వస్తుంటే మనం బయటికి వెళ్ళిపోవాలి. గుమ్మానికి వేలాడే లాక్‌బాక్సులో తాళంచెవి ఉంటుంది. కొనేవాళ్ళ ఏజెంట్ అది తీసుకుని తలుపు తెరుస్తారు. వచ్చిన ప్రతి కుటుంబానికీ వేరే ఏజెంట్. తలుపు తెరవగానే కీప్యాడ్ బీప్‌బీప్ మంటుంది, మామూలుగా అరనిమిషం నుంచి నిమిషం లోపల కోడ్ నొక్కాలి. కీప్యాడేమో చాలా ఇళ్ళల్లో గరాజ్ తలుపు పక్కనుంటుంది, వాళ్ళేమో వీధి తలుపులోంచి వస్తారు. వెతుక్కునేలోపు సైరన్!

దీనికి మందు అలారం ఆపెయ్యడం కాదు. వచ్చేవాళ్ళ కోసం వేరే కోడ్ ఒకటి పెట్టడం. ఇప్పటి అలారాల్లో చాలావాటిలో ఈ సదుపాయం ఉంది, అయిదు నిమిషాల పని. ఇంట్లో మనం వాడే కోడ్ మాత్రం ఎవ్వరికీ ఇవ్వకూడదు. మన ఇళ్ళల్లో ఆ కోడ్ ఏమిటో అందరికీ తెలిసిందేగా! పెద్దపిల్ల పుట్టినరోజో, పెళ్ళిరోజో. అదే ఫోనుకీ, అదే ఏటీఎం కార్డుకీ. పదిమంది ఏజెంట్లకి ఇచ్చింది ఒక్క అలారం కోడేనా మరి?

ఆ కొత్త కోడ్‌ని కీప్యాడ్ పక్కన చీటీ రాసి అంటించకూడదు. లిస్టింగులో అందరికీ కనిపించే చోటా రాయకూడదు. మన ఏజెంటుకి చెప్తే, అపాయింట్‌మెంట్ ఖాయమైన ఏజెంట్లకి మాత్రమే అందేలా చూస్తారు. కీప్యాడ్ ఎక్కడుందో, వెళ్ళేటప్పుడు మళ్ళీ ఎలా పెట్టాలో కూడా రెండు ముక్కల్లో చెప్పమనాలి. సైరన్లు మోగేది చాలావరకు ఈ రెండు ముక్కలూ ఎవరూ చెప్పకే.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఏ కోడ్ ఎన్నింటికి వాడారో యాప్‌లో కనిపిస్తుంది కాబట్టి, ఎప్పుడొచ్చారో, ఎప్పుడు వెళ్ళారో తెలుస్తుంది. పెరటి తలుపు సరిగ్గా పడకపోతే, దానికి సెన్సర్ ఉంటే, అలారం పెట్టబోయినప్పుడు కీప్యాడే ఆ సంగతి చెప్తుంది. ఆపేసిన అలారం ఏమీ చెప్పదు. అయితే వాళ్ళు లోపల తిరిగేటప్పుడు అలారం ఆపే ఉంటుంది కనుక, నగలు బ్యాంకు లాకరుకి, మందులూ పాస్‌పోర్టులూ మనతో కారులోకి వెళ్ళాల్సిందే.

జరిమానా భయం కూడా అంత అక్కర్లేదు. టెక్సాస్ చట్టం ప్రకారం, పర్మిట్ ఉన్న ఇంటికి 12 నెలల్లో మొదటి మూడు తప్పుడు అలారాలకి జరిమానా వెయ్యరు. ఆపైన 50 డాలర్లతో మొదలై, పెరిగేకొద్దీ 75, 100 దాకా వెయ్యొచ్చు. పర్మిట్ చెల్లుబాటులో ఉందో లేదో మాత్రం బోర్డు పెట్టేముందే చూసుకోవాలి.

నన్ను నిజంగా భయపెట్టేది ఇండియా నుంచి వచ్చి మనతో ఉన్న అమ్మానాన్నలు, అత్తమామల సంగతి. మనం ఆఫీసుల్లో, పిల్లలు స్కూల్లో. "అత్తయ్యగారూ, మీరు గదిలోనే కూర్చోండి, వాళ్ళు చూసి వెళ్ళిపోతారు" అని ఫోన్లో చెప్పేస్తుంటారు కొందరు. ఎవరో తలుపు తీస్తారు, సైరన్ మోగుతుంది, అలారం కంపెనీవాళ్ళు ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పమని ఇంగ్లీషులో గబగబా అడుగుతారు. ఆవిడ చెప్పలేకపోతే పోలీసుల్ని పంపిస్తారు. డెబ్భయ్యేళ్ళ మనిషి ఆ కంగారు పడాలా, ఒక షోయింగ్ కోసం? పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఎవర్నీ రానివ్వనని ఏజెంటుకి ఖండితంగా చెప్పండి. ఇల్లు అమ్ముడుపోవడం ఒక రోజు ఆలస్యమైతే కొంప మునగదు. ఎందుకైనా మంచిదని వాళ్ళకి పాస్‌వర్డ్ కూడా నేర్పండి. 'గోంగూర' అని పెడితే అవతలివాళ్ళకి అర్థం కాదు, కష్టమైన ఇంగ్లీషు మాటైతే మనవాళ్ళకి నోరు తిరగదు. ఇద్దరికీ పలికే చిన్న మాట చూసుకోవాలి.

కొందరు అలారం తీసేసి, దానికి బదులు కెమెరాలతో వచ్చినవాళ్ళ మాటలు వింటుంటారు. ఎంత రేటు అనుకుంటున్నారో తెలుస్తుందిట! మనం లేని చోట ఇద్దరి మధ్య మాటల్ని వాళ్ళకి తెలియకుండా రికార్డు చెయ్యడం ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చట్టం మాట అటుంచి, రేపు మనం ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్ళి వంటింట్లో ఆయనతో గుసగుసలాడితే ఎవరో వింటుంటే బాగుంటుందా?

అమ్మకం పూర్తయ్యాక ఆ కోడ్ తీసేయించి, మానిటరింగూ పర్మిట్టూ మన పేరు మీద లేకుండా రద్దు చేయించాలి. కొన్న ఇంట్లోనూ ఇదే వరస. పాతవాళ్ళు ఆ ఇంటి కోడ్ ఎంతమందికి ఇచ్చారో మనకి తెలీదుగా. అందుకే పాలు పొంగించే ముందే కోడ్‌లన్నీ మార్చెయ్యండి. మంచి ముహూర్తం అక్కర్లేని పని అది.